కాదన్న బేరాలు

(ఒక మహిళా పొదుపు సంఘం మాజీ అధ్యక్షురాలి స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



వెనక కట్టిన బ్యానర్ మీద ‘స్మారకోపన్యాసం’ అని ఉంది గానీ ఎవరి స్మారకమో లేదు. ఫొటో కూడా లేదు. దండ వేసిన కుర్చీ ఒకటి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు నిర్వాహకులు మరిచిపోయారేమో అనుకుంటారు. మరిచిపోలేదు. ఆమె కూతురు అడిగింది. “అమ్మ గురించి ఎంతసేపైనా మాట్లాడండి మేడంగారూ, పేరు మాత్రం వద్దు” అంది. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరింది, పెళ్లి మాటలు నడుస్తున్నాయి. కారణం అదొక్కటే కాదు. 1956 నాటి అనైతిక రవాణా నిరోధక చట్టంలో నాలుగో సెక్షన్ ఒకసారి చదవండి. సెక్స్ వర్క్ చేసే మనిషి సంపాదన మీద తెలిసి బతికేవాళ్లు ఎవరైనా, 18 ఏళ్లు నిండితే శిక్షార్హులే. తల్లి డబ్బుతో డిగ్రీ చదువుకున్న పిల్ల కూడా ఆ మాటల కిందికి వస్తుంది. అందుకని ఇవాళంతా నేను ఆమెను సంఘంలో అందరూ పిలిచినట్టే పెద్దక్క అంటాను.

నేను ముప్పై ఏళ్లు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పాను. గిరాకీ తగ్గితే ధర తగ్గుతుంది, సరఫరా తగ్గితే ధర పెరుగుతుంది అని బోర్డు మీద రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట చుక్క పెట్టి, ఇదే ధర అని చెప్పేదాన్ని. రిటైరయ్యాక ఈ సంఘం వాళ్లు లెక్కలు చూసి పెట్టమని అడిగారు. అలా పెద్దక్క పుస్తకం నా చేతికి వచ్చింది. ఆమె వృత్తిలో ధర కంటే ముందు పడిపోయేది, ధర లేచిన చాలా కాలానికి గానీ లేవనిది ఇంకొకటి ఉందని ఆ పుస్తకం చూశాకే నాకు తెలిసింది. అది కాదనగలిగే శక్తి. కరోనా ఈ వృత్తిని ఏం చేసిందని నన్ను అడిగితే, రేట్ల గురించి నాలుగు మాటలు చెప్పి, మిగతా సమయమంతా దీని గురించే చెబుతాను.

మాటలతో మొదలుపెడదాం. ఈ వృత్తిలోని స్త్రీకి తెలుగులో ‘వెలయాలు’ అని పేరు. పేరులోనే వెల ఉంది. పాలు పోసే ఆవిడను పాలావిడ అంటాం, బట్టలు కుట్టే ఆవిడను టైలరమ్మ అంటాం. ఎవరినీ ధరతో పిలవం. ఈమెను మాత్రం ధరతో పిలిచాం. ఆమె మటుకు తన దగ్గరికి వచ్చే మనిషిని, మన ఆటోవాళ్లూ దుకాణాలవాళ్లూ అన్నట్టే, మా కోస్తాలో ‘బేరం’ అంటుంది. “పొద్దుట్నుంచి ఒక్క బేరం తగల్లేదక్కా” అంటుంది. తెలంగాణ వైపు ‘గిరాకీ’ అంటారు. నేను బోర్డు మీద రాసిన గిరాకీ ఒక గీత. వాళ్ల గిరాకీ తలుపు దగ్గర నిలబడ్డ మనిషి. తాగి వచ్చాడా, పోయినసారి కొట్టి వెళ్లినవాడేనా, ఒక్కడినే అని చెప్పి ఇద్దరు వచ్చారా, ఇవన్నీ చూసుకున్నాకే అది బేరం అవుతుంది, లేదా కాకుండా పోతుంది. బేరమంటే మనిషీ, మాటామంతీ రెండూ. ఆ మాటామంతీలో ఆమెకు నోరు ఉండాలి. అది లేకపోతే బేరం లేదు.

మన జిల్లాల్లో ఈ పని ఎలా సాగుతుందో తెలియకుండా ధరల సంగతి అర్థం కాదు. బొంబాయి కామాటిపుర, ఢిల్లీ జీబీ రోడ్డు, కలకత్తా సోనాగచ్చి లాంటి పేటలు మనకు చాలా ఊళ్లలో లేవు. ఇక్కడ పని చెదురుమదురుగా ఉంటుంది. ఇంట్లో ఉండి చేసేవాళ్లు, బస్టాండు దగ్గర నిలబడేవాళ్లు, లాడ్జి, హైవే మీద దాబా, ఇప్పుడు ఫోను. ఒకే మనిషి నెలలో మూడు చోట్లా పనిచేయవచ్చు. పైమెట్టు మీద నగరాల్లో ‘ఎస్కార్ట్’ అనే మాట వచ్చింది. ప్రకటన, వాట్సాప్‌లో ఫొటో, హోటల్ గది, గంటకింతని రేటు. కిందిమెట్టు మీద రేటు అనేదే లేదు. ఆ పూట, ఆ మనిషి, ఆ అవసరం. వచ్చిన దాంట్లోంచి గది అద్దె పోతుంది, మధ్యవర్తికి పోతుంది, ఆటోకు పోతుంది, ఎప్పుడైనా పట్టుబడితే ఆ ఖర్చు సరేసరి. మనం పేపర్లలో చదివే ‘రేటు’ ఆమె చేతికి అందే డబ్బు ఎప్పుడూ కాదు.

ఇక ఆ పుస్తకం. స్కూలు పిల్లల లాంగ్ నోట్‌బుక్, వెనక అట్ట మీద ఎక్కాలు. పెద్దక్క ఐదో తరగతి దాకా చదివింది. పేజీకి ఎడమ పక్క పేర్లుండవు, బొమ్మలుంటాయి. దువ్వెన, గొడుగు, తాళంచెవి, చిలక, జడకుప్పెలు. పుస్తకం ఎవరి చేతిలో పడ్డా మనిషి దొరకకూడదని ఆ ఏర్పాటు. బొమ్మ ఎదుట ఐదు గడులు: తేదీ, బేరాలు, రాబడి, అప్పు, చివరది ‘కాదన్నవి’.

ఆ చివరి గడి ఎక్కడిదని అడిగాను. ఎయిడ్స్ ప్రాజెక్టు రోజుల నుంచి వచ్చిందంది. 2003లో ‘అవాహన్’ అనే పెద్ద కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో మొదలైంది. అప్పట్లో పెద్దక్క తోటివాళ్లకు జాగ్రత్తలు చెప్పే పీర్ ఎడ్యుకేటర్. వారం వారం అందరూ కూర్చునేవాళ్లు. నిరోధ్ లేకపోతే వద్దని ఈ వారం ఎవరు చెప్పగలిగారు, ఎన్నిసార్లు చెప్పగలిగారు అనేది మొదట చదివేవాళ్లు. డబ్బు లెక్క ఆ తర్వాతే. ప్రాజెక్టులు మారాయి, పేర్లు మారాయి, జీతాలు ఆగాయి. ఆ గడిని మాత్రం ఆమె మానలేదు. “ఎంత వచ్చిందో సాయంత్రానికి అందరికీ గుర్తుంటది మేడంగారూ. ఎవడిని పొమ్మన్నామో గుర్తుండదు. రాసుకుంటేనే గుర్తు” అంది. 2020 ఫిబ్రవరి పేజీలో ఆ గడి నిండా నిలువు గీతలున్నాయి. ఐదుకొకసారి అడ్డగీత కొట్టి, కర్రల కట్టల్లాగా.

మార్చి 22న జనతా కర్ఫ్యూ. 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడారు, అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. లాడ్జీలు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, దాబాలు ఆగాయి. ఇంట్లో ఉండి చేసేవాళ్లకు పక్కింటి మగాడు కూడా పగలంతా గుమ్మంలోనే. పుస్తకంలో సున్నాలు లేవు. మార్చి 22 నుంచి పేజీ మీద పైనుంచి కిందికి ఒక గీత గీసి వదిలేసింది. గిరాకీ తగ్గితే ధర తగ్గుతుందని నేను చెప్పిన పాఠానికి ఆ గీత దగ్గర పనేమీ లేదు. ధర తగ్గలేదు, ధర అనేదే లేకుండా పోయింది.

ఈ గీత ఒక్క మా ఊరిది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల్లో సంఘాల కూటమి ‘తరస్’ 1.2 లక్షల మంది సెక్స్ వర్కర్లను కదిపి చూస్తే 96 శాతం మందికి సంపాదన పోయిందని తేలింది. ఆ అంకె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ప్రభుత్వాలు ఏమీ ఇవ్వలేదని నేను అనను. తెలంగాణలో రేషన్ కార్డున్న కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ కార్డు మీద 1,000 రూపాయలు ఇచ్చారు. కేంద్రం జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు మూడు నెలలు 500 చొప్పున వేసింది. అయితే ఈ వాక్యాలన్నిటిలో ‘కార్డు’, ‘ఖాతా’ అనే మాటలు చూడండి. సంఘంలో చాలామంది సొంతూరు వదిలి వచ్చినవాళ్లు. కార్డు ఊళ్లో అత్తగారి పేరు మీద ఉంటుంది, లేదా మొగుడు తాకట్టు పెట్టి ఉంటాడు. ఇక్కడ కార్డు కావాలంటే అద్దె ఇంటి యజమాని సంతకం పెట్టాలి, ఏం పని చేస్తావని ఫారం అడుగుతుంది. గొడుగు బొమ్మ ఆవిడ ఏప్రిల్ నెలంతా పక్కవీధి సత్రంలో పెట్టే పొట్లాల మీద బతికింది. పిల్లలను పంపేది, తను వెళ్లేది కాదు. వరసలో ఎవరైనా గుర్తుపడతారని.

2020 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. గుర్తింపు పత్రాలు అడగకుండా సెక్స్ వర్కర్లకు సరుకులు ఇవ్వండి, ఎవరనేది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ‘నాకో’, జిల్లా న్యాయ సేవల సంస్థలు చూసుకుంటాయి అని. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు మన చీరాల మనిషి. అది 1999లో కలకత్తాలో ఒక సెక్స్ వర్కర్ హత్యతో మొదలైన కేసు. 2011లో హంతకుడి అప్పీలు కొట్టేశాక, వీళ్ల బతుకుల సంగతేమిటని కోర్టు తనంతట తాను కొనసాగించింది. మహారాష్ట్ర ప్రభుత్వం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెలకు 5,000 రూపాయలు, బడికి వెళ్లే పిల్లలుంటే ఇంకో 2,500 ఇస్తామంది. మంచి పనే. కాకపోతే మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరికి ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో జరగవలసినవన్నీ జరిగిపోయాయి.

ఏం జరిగిందో చెబుతాను. జూన్ 8 నుంచి హోటళ్లు తెరవవచ్చన్నారు. మా పుస్తకంలో ఆ నిలువు గీత జూన్ మూడో వారంలో ఆగుతుంది. మళ్లీ అంకెలు మొదలయ్యాయి, చిన్న అంకెలు. వచ్చే మగవాళ్లు ఎవరు? లారీ డ్రైవర్లు, తాపీ మేస్త్రీలు, చిన్న దుకాణాలవాళ్లు, ప్రైవేటు జీతగాళ్లు. వాళ్ల జేబులూ ఖాళీయే. మరోపక్క ఈ పని ఎప్పుడో మానేసి బట్టల షాపులోనో, హోటల్ వంటింట్లోనో, నాలుగిళ్ల పాచిపనిలోనో కుదురుకున్నవాళ్లు ఆ పనులు పోయి తిరిగి వచ్చారు. అంతకుముందెన్నడూ రానివాళ్లూ వచ్చారు. కొనేవాళ్లు తక్కువ, నిలబడేవాళ్లు ఎక్కువ. అప్పుడు నా బోర్డు మీది గీతలు పనిచేశాయి. దువ్వెన బొమ్మ ఎదుట ఐదు వందలుండే చోట రెండు వందలు కనబడుతుంది. అరువు కూడా వచ్చింది. ఈ పనిలో అరువు ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు. “పాత మనిషి, జీతం పడ్డాక ఇస్తానన్నాడు” అంది దువ్వెన. సగం మంది ఇవ్వలేదు.

ఇక చివరి గడి. జూన్‌లో ఖాళీ, జూలైలో ఖాళీ, ఆగస్టులో ఖాళీ. మొదట నేను ఆమె రాయడం మానేసిందనుకున్నాను. “రాయలేదా పెద్దక్కా?” అన్నాను. “రాయడానికి ఉంటేగా మేడంగారూ” అంది.

ఇక్కడ కాస్త ఆగాలి. ప్రమాదం ఎక్కువైన పనికి కూలి ఎక్కువ ఉండాలని ఆడం స్మిత్ కాలం నుంచీ మా శాస్త్రం చెబుతోంది. బావిలోకి దిగి పూడిక తీసేవాడు, కరెంటు స్తంభం ఎక్కేవాడు పది రూపాయలు ఎక్కువ అడుగుతాడు, ఇస్తారు. కరోనా రోజుల్లో మనిషిని మనిషి తాకే ప్రతి పనీ ప్రమాదమే. ఆ లెక్కన ఈ వృత్తిలో రేటు పెరగాలి. పెరగకపోగా సగానికి పడింది. ఎందుకంటే ఇక్కడ ఎక్కువ డబ్బు ఇచ్చేది ఆమె ప్రమాదానికి పరిహారంగా కాదు. తనను కాపాడుకునే పనిని ఆమె మానేస్తే దానికి ఇస్తారు. ఇది నా ఊహ కాదు. సోనాగచ్చిలో 1990లలో సేకరించిన వివరాలతో నలుగురు పరిశోధకులు 2003లో ఒక వ్యాసం ప్రచురించారు. ఎప్పుడూ కండోమ్ వాడే స్త్రీకి ఒక్కో బేరం మీద రాబడి 66 నుంచి 79 శాతం దాకా తగ్గుతోందని తేల్చారు. మెక్సికోలో 2005 నాటి అధ్యయనంలో కండోమ్ లేకుండా ఒప్పుకుంటే దొరికే అదనం 23 శాతం. అంటే కాదనడానికి ఒక ఖరీదు ఉంది, దాన్ని ప్రతిసారీ ఆమే తన కొంగు ముడి విప్పి కట్టాలి. సంఘం, పొదుపు, పక్కన నిలబడే నలుగురు, ఇంట్లో వారానికి సరిపడా బియ్యం ఉంటే కట్టగలదు. లేకపోతే కట్టలేదు.

కెన్యా పడమటి భాగంలో బుసియా అనే ఊళ్లో ఇద్దరు పరిశోధకులు ఈ పనిలో ఉన్న ఆడవాళ్ల చేత రోజువారీ డైరీలు రాయించారు. ఇంట్లో ఎవరికైనా, ఎక్కువగా పిల్లలకు, ఒంట్లో బాగాలేని రోజుల్లో ఆ తల్లులు మామూలుగా ఒప్పుకోని వాటికి కూడా ఒప్పుకుంటున్నారని ఆ డైరీలు చెప్పాయి. ఆ వ్యాసం 2011లో వచ్చింది. నేను చదివింది 2021లో, పెద్దక్క పుస్తకం పక్కన పెట్టుకుని. ఒక బిడ్డ జ్వరానికే కాదనే శక్తి పోతే, దేశమంతా జ్వరంతో ఉన్నప్పుడు ఏమవుతుంది?

తాళంచెవి బొమ్మ ఆవిడ జూలైలో ఒక మనిషిని లోపలికి రానిచ్చింది. అంతకు రెండేళ్ల ముందు ఆమె చెయ్యి విరగ్గొట్టినవాడు. అప్పట్లో సంఘమంతా వెళ్లి వాడిని వీధిలోంచి తరిమింది. ఆ రోజు పుస్తకంలో ఎర్ర సిరాతో గీత పెట్టారు. 2020 జూలైలో వాడే వచ్చి, దగ్గుతూ, మాస్కు లేకుండా గుమ్మంలో నిలబడితే తలుపు తీసింది. రాబడి గడిలో నూట యాభై ఉంది. దానికి ముందు వారం ఇంటి యజమాని సామాను బయట పెడతానన్నాడు. ఇంతకంటే ఈ పేజీ గురించి నేనేమీ చెప్పలేను.

పైమెట్టు మీద పరిస్థితి వేరుగా ఉందా? కొంత వేరే. హైదరాబాద్‌లో ఫోను మీద పనిచేసే ఒకమ్మాయి, పెద్దక్కకు దూరపు చుట్టం, నాతో రెండుసార్లు మాట్లాడింది. “రేటు దించలేదు మేడం. ఒకసారి దించితే మళ్లీ ఎక్కదు” అంది. ఎంత పక్కా మాటో చూడండి. రేటు నిలబెట్టి గంట పని గంటన్నర చేసింది, హోటల్ ఖర్చు తను పెట్టుకుంది, పాత మనుషులకు పండగ పేరుతో తగ్గించింది. పైకి ధర కదల్లేదు, లోపల సగమైంది. హోటళ్లు మూసిన రోజుల్లో వీడియో కాల్స్‌కు ఒప్పుకుంది. అక్కడ డబ్బు ముందే ఫోన్‌పేలో పడాలి. నకిలీ స్క్రీన్‌షాట్ పంపి పని జరిపించుకున్నవాళ్లున్నారు. తన కాల్‌ను రికార్డు చేసి, మీవాళ్లకు పంపుతానని ఒకడు మూడు నెలలు డబ్బు గుంజాడు. వచ్చినవాడిని పొమ్మనవచ్చు. ఫోనులో ఉండిపోయిన బొమ్మను పొమ్మనలేం. పోలీసు దగ్గరికి వెళ్లమన్నాను. “వెళ్లి నేనెవరని చెప్పను మేడం?” అంది.

తెరమీద అమ్ముకునే ఆ బజారు ప్రపంచమంతటా ఆ రోజుల్లోనే ఉబ్బింది. లండన్‌లో 2016లో పుట్టిన ఓన్లీఫ్యాన్స్ అనే వెబ్‌సైట్ లాక్‌డౌన్లలో ఇంటింటి పేరైంది. వచ్చే ప్రతి వందలో ఇరవై కంపెనీకి. 2021 ఆగస్టులో ఇక లైంగిక దృశ్యాల వీడియోలు వద్దని ప్రకటించి, వారం తిరక్కుండానే మాట వెనక్కి తీసుకుంది. ఆ వారంలో అక్కడ బతికే లక్షల మంది ఏ ధరకు, ఏ షరతుకు పనిచేయాలో వాళ్ల చేతిలో లేదు. గది యజమాని మారాడు గానీ గది అద్దె మారలేదు.

బయటి దేశాల గురించి కొద్దిగా. నెదర్లాండ్స్‌లో ఈ వృత్తి చట్టబద్ధం. 2020 మార్చి నడుమ మూసి, జూలై 1న తెరిచి, డిసెంబరు 15న మళ్లీ మూశారు. 2021 మార్చి 3న క్షౌరశాలలు, మసాజ్ చేసేవాళ్లు తెరుచుకోవచ్చన్నారు, వీళ్లు మాత్రం మే 19 దాకా ఆగాలన్నారు. ఆ పదకొండు వారాల్లో కడుపు కోసం చాటుగా పనిచేసినవాళ్లు చట్టం తప్పినవాళ్లే కాబట్టి, వచ్చినవాడు చెయ్యి చేసుకున్నా పోలీసులను పిలవలేకపోయారు. జపాన్‌లో బడులు మూసినప్పుడు పిల్లలతో ఇంట్లో ఉండిపోయిన తల్లిదండ్రులకు సాయం ప్రకటించి, ఈ రంగంలోవాళ్లకు లేదన్నారు. గోల చేస్తే ఏప్రిల్‌లో ఇస్తామన్నారు. నాకు బాగా నచ్చింది న్యూజిలాండ్. అక్కడ మిగతా స్వయం ఉపాధి వాళ్లలాగే వీళ్లూ వేతన సాయానికి దరఖాస్తు పెట్టుకున్నారు. 2003 నాటి వాళ్ల చట్టంలో ఒక మాట ఉంది: ఒప్పుకున్నాక కూడా ఏ క్షణంలోనైనా కాదనవచ్చు, ఈ పని చేయనన్నందుకు ప్రభుత్వం ఇచ్చే భృతి ఆపకూడదు. పెద్దక్క నోటుబుక్కులో గీసుకున్న గడి అక్కడ చట్టంలో ఉంది.

మనకు అది లేక అప్పు వచ్చింది. 2020లో ఒక స్వచ్ఛంద సంస్థ సోనాగచ్చిలో అడిగి చూస్తే 89 శాతం మంది ఆ కొద్ది నెలల్లోనే అప్పుల్లో పడ్డారని తేలింది. ఎక్కువ భాగం అప్పు వడ్డీ వ్యాపారుల దగ్గర, ఇళ్ల యజమానుల దగ్గర, మధ్యవర్తుల దగ్గర. ఈ మాట బాగా పట్టుకోవాలి. అప్పిచ్చినవాడూ, గది ఇచ్చినవాడూ, బేరం తెచ్చేవాడూ ఒకడే అయితే కాదనడం ఎవరితో? మా ఊళ్లో ‘పది రూపాయల వడ్డీ’ అంటారు. నూటికి నెలకు పది. రోజు ఫైనాన్సువాళ్లయితే పదివేలకు ఎనిమిది వేల ఐదొందలు చేతిలో పెట్టి, వంద రోజులు రోజుకు వంద వసూలు చేస్తారు. రోజుకు వంద కట్టాలంటే రోజూ ఒక బేరం ఉండాలి. వడ్డీవాడు సాయంత్రం ఆరింటికి వస్తాడు, ఐదున్నరకు ఎవడు వచ్చినా తలుపు తీయాలి. పుస్తకంలో అప్పు గడి నిండిన కొద్దీ చివరి గడి ఎందుకు ఖాళీ అయిందో ఆ రెండింటినీ పక్కపక్కన చూస్తే చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ధర ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది. అప్పు మీదకెక్కిన వడ్డీ దిగదు.

కలకత్తావాళ్లకు ఈ ముప్పు ముందే తెలుసు. డాక్టర్ స్మరజిత్ జానా 1992లో సోనాగచ్చిలో హెచ్‌ఐవి నివారణ పని మొదలుపెట్టారు. వడ్డీవాడి పిడికిలి విడిపించకుండా కండోమ్ పెట్టె పంచితే లాభం లేదని ఆయనకు తొందరగానే అర్థమైంది. 1995లో ఆడవాళ్లే ఉషా సహకార సంఘం పెట్టుకున్నారు. సత్ప్రవర్తన గలవాళ్లే సహకార సంఘం పెట్టుకోవచ్చని అప్పటి నిబంధన. గృహిణులమని రాసుకోండి, సరిపోతుందని సలహా ఇచ్చారు. వాళ్లు ఒప్పుకోలేదు. చేసే పని పేరుతోనే రిజిస్టర్ చేయమని పట్టుబట్టి, ఆ నిబంధనే తీసేయించారు. పైన చెప్పిన 2003 నాటి వ్యాసం రాసిన నలుగురిలో డాక్టర్ జానా ఒకరు. పెద్దక్క ఒకసారి కలకత్తా సమావేశానికి వెళ్లి ఆయన్ను చూసి వచ్చింది. మా సంఘం పొదుపు ఆ ప్రయాణం నుంచే పుట్టింది. అయితే మాది చిన్న సంఘం. మొదటి లాక్‌డౌన్ రెండో నెలకే పెట్టె అడుగు కనబడింది.

2021 ఏప్రిల్‌లో రెండో అల వచ్చింది. మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. మే 8న కలకత్తాలో డాక్టర్ జానా కరోనాతో పోయారు. ఆ వార్త పెద్దక్కకు నేనే ఫోనులో చెప్పాను. “అయ్యో, ఆ మహానుభావుడు కూడానా” అని, కాసేపాగి, “నాకూ రెండు రోజుల్నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది మేడంగారూ, చిలకకు చెప్పకండి, కంగారుపడతది” అంది. చిలక బొమ్మ ఎవరిదో అప్పుడు తెలిసింది నాకు. కూతురి పేరు మీద పెట్టిన పొదుపు. ఆసుపత్రిలో మంచం దొరికేసరికి మూడో రోజైంది. ఆ నెలాఖరు ఆమె చూడలేదు.

2022 నడిమికి రేట్లు పాత చోటికి చేరాయి. అంకె పాతదే గానీ ఆ అంకెకు వచ్చే సరుకులు పాతవి కావు. గ్యాస్ బండ వెయ్యి దాటింది. 2022 మే 19న సుప్రీంకోర్టు, జస్టిస్ నాగేశ్వరరావు నాయకత్వంలోనే, వీళ్లకూ గౌరవంగా బతికే హక్కుందనీ, ‘నాకో’ ధ్రువీకరణ మీద ఆధార్ ఇవ్వాలనీ, అందులో వృత్తి బయటపడేలా ఏ గుర్తూ ఉండకూడదనీ చెప్పింది. గొడుగు బొమ్మ ఆవిడ ఆధార్ కార్డును నాకు తెచ్చి చూపించి, వెనక్కూ ముందుకూ తిప్పి, “ఎక్కడా లేదు కదండీ?” అని మూడుసార్లు అడిగింది. ఎక్కడా లేదు.

పుస్తకం ఇప్పుడు దువ్వెన రాస్తోంది. పెద్దక్క గీసిన ఐదు గడులకు ఆరోది చేర్చింది, ‘మూట’ అని. బేరం ఉన్నా లేకపోయినా ఒక నెల బియ్యం, అద్దె సరిపడా ఎవరి మూట వాళ్లకు సంఘం దగ్గర ఉండాలని. ఇరవై మూడు మందిలో తొమ్మిది మందికి నిండింది. ఆ తొమ్మిది బొమ్మల ఎదుట ‘కాదన్నవి’ గడిలో గీతలు తిరిగి పడుతున్నాయి. తాళంచెవికి ఇంకా నిండలేదు. రోజు ఫైనాన్సువాడి బాకీ అయిపోయాక మొదలుపెడతానంటోంది. దానికి ఇంకో నలభై రోజులుంది.

ఇక్కడికి తెచ్చిన ఈ పుస్తకాన్ని సభ అయ్యాక చూస్తామని కొందరు అడిగారు. క్షమించాలి. ఇవాళ నెలాఖరు, సాయంత్రం లెక్క రాసుకోవాలి, ఐదింటికల్లా తెచ్చి ఇవ్వమని దువ్వెన చెప్పి పంపింది.